నాయిన బుల్లెట్‌ను మళ్లీ రోడ్డెక్కించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: మా నాయిన 1986ల కొన్న బుల్లెట్ 350 ఇంట్ల ఉన్నది. ఆయన పోయినంక పద్నాలుగేండ్ల సంది గొడ్ల కొట్టంల, యూరియా బస్తాల పక్కన గోడకు ఆనిచ్చి పెట్టినం. కిక్కు కిందికి దిగుతలేదు. ట్యాంకు మూత తీస్తే లోపలంతా తుప్పు. నేను బండి సర్వీసింగుకు ఇచ్చుడే గాని సొంతంగ నట్టు విప్పింది లేదు. ఫ్రేము దాక మొత్తం విప్పి, పెయింటు కొట్టించి కొత్తదాని లెక్క చెయ్యాల్నని ఉన్నది. నలభై వేలు పక్కన పెట్టిన. సరిపోతయా? ఎక్కడ మొదలువెట్టాలె?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ మండలం

సమాధానం: మీరు చేయగలిగిన పనే. మొదటిసారి పానా పట్టేవారికి పాత బుల్లెట్‌ను మించిన బండి లేదు. 346 సీసీ, ఒకే సిలిండరు, సెన్సార్లు లేవు, కంప్యూటరు లేదు. ఏది ఎందుకు పనిచేస్తుందో చూస్తేనే అర్థమవుతుంది. ఈ ఇనుప సిలిండరు ఇంజిన్ పెద్దగా మార్పుల్లేకుండా 2000 దశకం చివరిదాకా వచ్చింది కాబట్టి సామానుకూ కరువు లేదు. హైదరాబాద్‌లో పుత్లీబౌలి వైపు స్పేర్‌పార్టుల దుకాణాలు తిరిగితే చాలావరకు దొరుకుతుంది.

మీ ఆలోచనలో ఒక్కటి మాత్రం మార్చుకోండి. మొత్తం ఒకేసారి విప్పకండి. మొదటి బండి మీద పని మొదలుపెట్టినవాళ్లలో చాలామంది ఆగిపోయేది ఇక్కడే. వారంలో బండంతా విప్పేస్తారు, ఫ్రేము పెయింటుకు పోతుంది, ఇంజిన్ లేత్ షాపుకు పోతుంది, నట్లూ బోల్టులూ ఒక గోనెసంచిలో పడతాయి. రెండు నెలలకు ఏ బోల్టు ఎక్కడిదో గుర్తుండదు, డబ్బు అయిపోతుంది, చివరికి సంచులు తూకానికి పోతాయి. బండి నిలబడి ఉండగానే ఒక్కో భాగం విప్పి, దాన్ని బాగుచేసి, బిగించి, ఆ తర్వాతే ఇంకో భాగం ముట్టుకోండి. విప్పే ముందు ఫోన్‌తో మూడు వైపుల నుంచి ఫొటోలు తీయండి. బోల్టులను చిన్న కవర్లలో వేసి, ఎక్కడివో మార్కరుతో రాయండి.

పానా పట్టక ముందు కాగితాలు చూడండి. ఆర్సీ మీది ఇంజిన్ నంబరూ, ఛాసిస్ నంబరూ బండి మీది నంబర్లతో కలవాలి. ఛాసిస్ నంబరు హ్యాండిల్ కింద ఫ్రేము మెడ దగ్గర ఉంటుంది. తుప్పులో కనిపించకపోతే డీజిల్ గుడ్డతో తుడిచి, సుద్దముక్క రుద్దితే అంకెలు తేలుతాయి. అక్కడ గ్రైండరు గానీ తీగబ్రష్షు గానీ పెట్టనే పెట్టొద్దు. నంబరు చెరిగితే బండి ఉన్నా లేనట్టే. నాయిన పేరు మీది నుంచి మీ పేరు మీదికి మార్చుకోవడానికి ఫారం 31 పెట్టాలి. మరణ ధ్రువీకరణ పత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, మిగతా వారసుల అంగీకార పత్రం దగ్గర ఉంచుకోండి. ఈ ఫారం మూడు నెలల లోపే పెట్టాల్సింది కాబట్టి ఆలస్యానికి జరిమానా ఉంటుంది, అయినా చేయించుకోవాల్సిందే. ఆర్సీ పోయి ఉంటే పోలీసు రిపోర్టుతో ఫారం 26. పదిహేనేళ్లు దాటిన బండి కాబట్టి రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు ఫారం 25, అది ఐదేళ్లకు ఇస్తారు. దానికి బండిని ఆర్టీఏ వాళ్లకు చూపించాలి, అంటే బ్రేకులు, లైట్లు, హారను పనిచేయాలి. 2021లో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధన యాభై ఏళ్లు దాటిన బండ్లకే. మీ 1986 బండికి అది వర్తించదు, ఎవరైనా ఆ పేరు చెప్పి డబ్బులడిగితే ఇవ్వకండి. ప్లేటు మీది మూడక్షరాల పాత నంబరును కాపాడుకోండి.

ఇప్పుడు కిక్కు సంగతి. దిగడం లేదని దాని మీదికెక్కి తొక్కకండి. లోపల కిక్కు పళ్లు విరిగితే గేరుబాక్సు విప్పాల్సి వస్తుంది, పది రూపాయల పని వెయ్యి రూపాయల పనవుతుంది. ముందు పట్టేసింది ఎక్కడో తెలుసుకోవాలి. బండిని న్యూట్రల్‌లో పెట్టి, క్లచ్ లివరు పట్టుకుని, కిక్కును చేత్తో నొక్కండి. దిగితే గేరుబాక్సు బాగానే ఉంది, పట్టేసింది ఇంజినే. దిగకపోతే క్లచ్ ప్లేట్లు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉండొచ్చు. ఏళ్ల తరబడి నిలబెట్టిన బుల్లెట్‌లో ఇది మామూలే. లివరును హ్యాండిల్‌కు తాడుతో గట్టిగా కట్టి ఒకట్రెండు రోజులు అలాగే వదిలి, మళ్లీ చూడండి.

మీరు చెప్పిన తీరు చూస్తే ఇంజినే పట్టేసి ఉంటుంది. కారణం ఇది. బండి ఆగినప్పుడు ఏదో ఒక వాల్వు తెరుచుకుని ఉంటే, బయటి తేమగాలి నేరుగా సిలిండరులోకి పోతుంది. బుల్లెట్ సిలిండరు పోత ఇనుముది, తేమ తగిలితే ఊరుకోదు. రింగులు గోడను తాకే చోట తుప్పు పట్టి, పిస్టన్ అక్కడే అతుక్కుంటుంది. మీ బండి ఉన్న చోటు దీనికి తోడైంది. యూరియా తేమను లాగుతుంది, ఆ చెమ్మ ఇనుమును తింటుంది. గొడ్ల మూత్రం నుంచి లేచే అమోనియా ఇత్తడినీ రాగినీ తింటుంది. మీ కార్బొరేటరు జెట్లు, కరెంటు తీగల కొసలు పచ్చగా మారి కనిపిస్తే అందుకే. పని మొదలుపెట్టక ముందే బండిని ఆ కొట్టం నుంచి పొడి నేల మీదికి మార్చండి.

స్పార్క్ ప్లగ్గు విప్పండి. విప్పే ముందు దాని చుట్టూ ఉన్న మట్టిని గాలితో ఊదండి, లేకపోతే అదంతా లోపల పడుతుంది. పవర్ స్టీరింగుల్లో పోసే ఏటీఎఫ్ ఆయిల్, డీజిల్ సగం సగం కలిపి యాభై మిల్లీలీటర్లు ప్లగ్గు రంధ్రంలో పోయండి. నాలుగు రోజులు వదిలేయండి, నడుమ ఒకసారి ఇంకాస్త పోయండి. తర్వాత వెనక చక్రాన్ని లేపి, తిప్పుతూ గేరు లివరు నొక్కుకుంటూ టాప్ గేరులో పెట్టండి. చక్రాన్ని రెండు చేతులతో ముందుకు కొంచెం, వెనక్కి కొంచెం ఊపండి. బలం ఒకే వైపు పెట్టొద్దు. వెంట్రుకవాసి కదిలినా చాలు, మరికొంత ఆయిల్ పోసి మర్నాడు మళ్లీ ఊపండి. ఇలా వారం పట్టినా తొందరపడకండి. ప్లగ్గు రంధ్రంలో ఇనుప కడ్డీ పెట్టి పిస్టన్‌ను కొట్టమని ఎవరైనా సలహా ఇస్తారు. పిస్టన్ అల్యూమినియంది, నెత్తి మీద గుంట పడుతుంది, లేదా పగులుతుంది.

కదిలినా సరే, ఇన్నేళ్లు ఆగిన ఇంజిన్‌కు హెడ్డూ సిలిండరూ విప్పి చూడటమే మంచిదని మా అభిప్రాయం. పాత బోల్టుల్లో ఇంచీ కొలతలవి ఉంటాయి. మిల్లీమీటరు పానా వదులుగా కూర్చుని మూలలను అరగదీస్తుంది. సరిగ్గా పట్టే రింగు పానా ఉంటేనే బలం పెట్టండి, మిల్లీమీటరు బోల్టును ఇంచీ మరలో బలవంతంగా ఎక్కించకండి. సిలిండరు బయటికి వచ్చాక లోపలి గోడ తుడిచి వెలుతురుకు పట్టండి. పిస్టన్ ఆగిన చోట గోధుమరంగు గీత గుండ్రంగా కనిపిస్తుంది. దాని మీద గోరు అడ్డంగా గీకండి. గోరు తట్టుకోకుండా జారితే హోనింగ్ (లోపలి గోడను సన్నగా గరుకు పట్టించడం) చేయించి కొత్త రింగులు వేస్తే సరిపోతుంది. గోరు తట్టుకుంటే బోరు కొట్టించాల్సిందే, అంటే సిలిండరు లోపలిని కోయించి కొంచెం పెద్దది చేయించాలి. అప్పుడు ముందు పెద్ద సైజు పిస్టన్ కొని, ఆ పిస్టన్‌నే లేత్ షాపులో ఇచ్చి, దాని కొలతకు బోరు కొట్టమనండి. ముందు బోరు కొట్టించి తర్వాత పిస్టన్ వెతికితే గ్యాప్ తేడా వస్తుంది. ఎక్కువైతే పొగ, తక్కువైతే మన నల్లగొండ మే నెల ఎండల్లో రోడ్డు మధ్యలోనే మళ్లీ పట్టేస్తుంది. కొత్త రింగును సిలిండరులో పెట్టి పిస్టన్ నెత్తితో సమంగా లోపలికి తోసి, దాని కొసల మధ్య సందును ఫీలర్ గేజ్‌తో (సందులు కొలిచే సన్నటి రేకులతో) కొలవండి. 70 మిల్లీమీటర్ల బోరుకు అది 0.3 మి.మీ. అటూ ఇటూగా ఉండాలి.

సిలిండరు విప్పి ఉన్నప్పుడే కనెక్టింగ్ రాడ్‌ను చేత్తో పట్టుకుని నిట్టనిలువుగా పైకీ కిందికీ లాగి చూడండి. పక్కలకు కొంచెం ఊగితే తప్పు లేదు. పైకీ కిందికీ రవ్వంత ఆడినా బిగ్ ఎండ్, అంటే రాడ్డు అడుగున క్రాంకు (పిస్టన్ కదలికను తిరుగుడుగా మార్చే ఇరుసు) మీది బేరింగు, పోయినట్టే. ఆ పని ఇంట్లో చేయకండి. క్రాంకును ప్రెస్సు మీద విప్పి, కొత్తది వేసి, డయల్ గేజ్‌తో వంకర లేకుండా సరిచూసే లేత్ మిస్త్రీకే ఇవ్వండి. తిరిగి తెచ్చుకునేటప్పుడు కొలత ఎంత వచ్చిందో అడగండి. చెప్పలేకపోతే అక్కడ ఇచ్చి ఉండకూడదు.

ఆయిల్ విషయంలో బుల్లెట్‌కు ఒక ప్రత్యేక గుణం ఉంది. ఎక్కువ రోజులు ఆగితే ఇంజిన్‌లోని ఆయిల్ ట్యాంకు నుంచి ఆయిల్ పంపు గుండా కారి, క్రాంకు ఉండే గదిలో చేరుతుంది. డిప్‌స్టిక్ పెట్టి చూస్తే ఆయిల్ తగ్గినట్టు కనిపిస్తుంది. తెలియనివాళ్లు ఇంకో లీటరు పోస్తారు. స్టార్ట్ చేయగానే కమ్ముకునే తెల్లపొగ, బ్రీదర్ పైపు (ఇంజిన్ లోపలి గాలి బయటికి పోయే గొట్టం) నుంచి చిమ్మే ఆయిల్ చూసి రింగులు పోయాయని మళ్లీ విప్పుతారు. కాబట్టి ఇంజిన్ అడుగున ఉన్న డ్రెయిన్ బోల్టులన్నీ విప్పి పాత ఆయిల్ మొత్తం కారనివ్వండి. కుడివైపు కవరులో ఉండే గుడ్డ ఫిల్టరు మార్చండి. 20డబ్ల్యూ50 ఆయిల్ రెండు లీటర్ల పైన కొంచెం పడుతుంది, డిప్‌స్టిక్ చూస్తూ పోయండి. హెడ్డు మీద రెండు రాకర్ (వాల్వులను నొక్కే మీటల) గదుల్లోనూ కొద్దికొద్దిగా ఆయిల్ పోసి, ప్లగ్గు లేకుండా ఓ ముప్పై సార్లు కిక్కు కొట్టండి. తర్వాత రాకర్ల దగ్గరికి వెళ్లే సన్నటి ఆయిల్ పైపు బోల్టు ఒకటి వదులు చేసి చూడండి. అక్కడ ఆయిల్ ఊరితే పంపు పనిచేస్తోంది. ఊరకపోతే స్టార్ట్ చేయొద్దు.

టాపెట్ల గురించి, అంటే వాల్వుల బిగింపు గురించి, ఒక మాట. కొత్త బండ్లకు అలవాటుపడ్డ మిస్త్రీలు ఫీలర్ గేజ్ పెట్టి సందు వదులుతారు. ఈ ఇంజిన్‌కు అలా కాదు. ఇంజిన్ చల్లగా, పిస్టన్ కంప్రెషన్ మీద పైకొసన ఉండగా, పుష్‌రాడ్డు (రాకర్‌ను కింది నుంచి తోసే కడ్డీ) రెండు వేళ్లతో తిప్పితే సులువుగా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. తిరగకపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు, కాలిపోతుంది. ఆడితే టకటకమని చప్పుడు చేస్తుంది.

ట్యాంకు తుప్పుకు యాసిడ్ జోలికి పోవద్దు. బాత్రూం కడిగే యాసిడ్ తుప్పుతో పాటు రేకునూ తింటుంది, అతుకుల దగ్గర చిల్లులు పడతాయి. కిరాణా షాపులో దొరికే నిమ్మ ఉప్పు చాలు. పెట్రోలు పూర్తిగా తీసేసి, ట్యాంకు అడుగునున్న పెట్రోలు కాక్ విప్పి, ఆ రంధ్రాన్ని గట్టిగా మూయండి. ముందు గుప్పెడు చిన్న నట్లు వేసి, కాసిన్ని నీళ్లతో బాగా ఊపితే పెచ్చులు రాలుతాయి. నట్లు లెక్కపెట్టి వేయండి, లెక్కపెట్టి తీయండి. తర్వాత లీటరు వేడినీళ్లకు వంద గ్రాముల లెక్కన నిమ్మ ఉప్పు కలిపి, అంచుదాకా నింపి, ఒక రాత్రంతా ఉంచండి. సుమారు కిలోన్నర పడుతుంది. బయట పెయింటు మీద పడకుండా మూత చుట్టూ గ్రీజు రాయండి. పొద్దున్నే పారబోసి, వంట సోడా కలిపిన నీళ్లతో ఒకసారి, మామూలు నీళ్లతో రెండుసార్లు కడగండి. ఇక్కడి నుంచి ఆలస్యం పనికిరాదు. తెల్లగా తేలిన ఇనుము తడిగా ఉంటే కళ్ల ముందే మళ్లీ ఎర్రబారుతుంది. ఎండలో పెట్టి, బ్లోయరు ఉంటే గాలి కొట్టి ఆరబెట్టి, వెంటనే అర లీటరు పెట్రోలులో కొంచెం 2టీ ఆయిల్ కలిపి లోపలంతా తిప్పండి. చిల్లులుంటే ట్యాంకును మామూలు వెల్డింగ్ షాపుకు పంపకండి. ఖాళీ ట్యాంకులో మిగిలిన పెట్రోలు ఆవిరి నిప్పు తగిలితే పేలుతుంది, మనుషులు పోయిన సందర్భాలున్నాయి.

కార్బొరేటరు విప్పి జెట్లను పెట్రోలులో నానబెట్టి గాలి కొట్టండి. పైలట్ జెట్ రంధ్రంలో ఇనుప తీగ పెట్టొద్దు, కరెంటు వైరులోని రాగిపోగు ఒకటి చాలు. రంధ్రం రవ్వంత పెద్దదైనా బండి ఐడిల్‌లో నిలబడదు. గాలి స్క్రూను పూర్తిగా బిగించి ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పి మొదలుపెట్టండి. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. 1986 నాటి రబ్బరు దానికి తయారైంది కాదు. పెట్రోలు పైపు, ఫ్లోట్ నీడిల్, కాక్ లోపలి వాషర్లు కొత్తవే వేయండి. ఇథనాల్ నీటిని పీలుస్తుంది కాబట్టి, శుభ్రం చేసిన ట్యాంకులో పాత పెట్రోలును నెలల తరబడి వదలొద్దు.

కరెంటు పని మీద ఎక్కువ ఓపిక పెట్టండి, మొదటి బండిలో ఎక్కువ విసిగించేది అదే. బ్యాటరీ కొనే ముందు మీది 6 వోల్టులా, 12 వోల్టులా అన్నది పాత బల్బు మీద చూడండి. ఆ కాలంలో రెండూ ఉన్నాయి. కొట్టంలో ఎలుకలు ఉంటాయి, వైరింగ్‌ను నమ్మకండి. కొత్త హార్నెస్ (వైర్ల కట్ట) వేసి, బ్యాటరీ దగ్గరే ఫ్యూజు పెట్టండి. పాయింట్ల (ప్లగ్గుకు నిప్పురవ్వ ఎప్పుడు అందాలో తేల్చే చిన్న స్విచ్చు) ప్లేటు విప్పే ముందు అది ఉన్న చోట సూదితో గీత గీయండి, టైమింగ్ పోదు. పాయింట్ల ముఖాలను 400 నంబరు ఉప్పు కాగితంతో రుద్ది, పెట్రోలు గుడ్డతో తుడిచి, పూర్తిగా తెరుచుకున్నప్పుడు సందు 0.35 నుంచి 0.40 మి.మీ. ఉండేలా బిగించండి. కండెన్సరు (పాయింట్ల ముఖాలు కాలకుండా చూసేది) ఎలా ఉన్నా కొత్తది వేయండి. పాతది చల్లగా ఉన్నప్పుడు బాగానే పనిచేసి, పావుగంట నడిచి వేడెక్కాక బండిని ఆపేస్తుంది. చల్లారాక మళ్లీ స్టార్ట్ అవుతుంది. అందరూ కార్బొరేటరును తిట్టుకుంటూ విప్పుతుంటారు, తప్పు అక్కడ ఉండదు. బ్యాటరీకి నీళ్లు అవసరమైతే డిస్టిల్డ్ వాటరే పోయండి. మన జిల్లా బోరు నీళ్లలోని ఉప్పులు ప్లేట్లను పాడుచేస్తాయి.

బ్రేకులు, టైర్లు ఇంజిన్ స్టార్ట్ అయ్యాక చూద్దామనుకోవద్దు. స్టార్ట్ అయిన రోజు ఎవరూ ఆగలేరు, రోడ్డెక్కుతారు. టైరు మీద గీతలు నిండుగా ఉన్నా పద్నాలుగేళ్ల రబ్బరు రాయిలా గట్టిపడుతుంది. పక్కలు వంచి చూస్తే పగుళ్లు కనిపిస్తాయి. రెండు టైర్లు, ట్యూబులు, రిమ్ టేపులు మార్చండి. బ్రేకు డ్రమ్ములోని దుమ్మును గాలితో ఊదకండి. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది, ఊపిరితిత్తులకు ప్రమాదం. తడిగుడ్డతో తుడవండి. క్లచ్, ఆక్సిలరేటర్, ఫ్రంట్ బ్రేకు, డీకంప్రెషర్ (కిక్కు తేలిగ్గా దిగేలా సిలిండరులో ఒత్తిడి వదిలే లివరు) కేబుళ్లన్నీ కొత్తవే వేయండి. బేరింగుల పక్కన నంబరు చెక్కి ఉంటుంది, ఆ నంబరు చెప్తే రాణిగంజ్‌లో మంచి కంపెనీ బేరింగే దొరుకుతుంది. డబ్బాలో పేరు లేకుండా వచ్చేవి కొనకండి.

డబ్బు సంగతి. టైర్లు, బ్యాటరీ, కేబుళ్లు, వైరింగ్, పాయింట్లు, బ్రేకు షూలు, ఆయిళ్లు, ప్యాకింగులకు సుమారు పదిహేను నుంచి ఇరవై వేలు. బోరు, పిస్టన్, క్రాంకు కూడా పడితే ఇంకో పది పదిహేను వేలు. కాగితాల ఖర్చు వేరు. అంటే నలభై వేలు సరిపోతాయి, కానీ పెయింటుకూ క్రోమియానికీ మిగలదు. అదే మంచిదంటాం. ట్యాంకు మీది బంగారు గీత ఫ్యాక్టరీలో మనిషి చేత్తో గీసింది. రుద్దేసి స్టిక్కరు అంటిస్తే అది మళ్లీ రాదు. ముందు సబ్బునీళ్లతో కడిగి, మెత్తటి రబ్బింగ్ కాంపౌండు, ఆపై మైనం రుద్దండి. మీ నాయిన తొడలు ఒరిసి అరిగిన చోటు అలాగే ఉండనివ్వండి.

మొదటిసారి స్టార్ట్ చేయడం ఆరుబయట, పక్కన ఇసుక బకెట్టు పెట్టుకుని చేయండి. చెప్పులతో కిక్కు కొట్టొద్దు. టైమింగ్ ముందుకు జరిగి ఉంటే కిక్కు ఎదురుతిరిగి కాలి గిలక విరుగుతుంది. డీకంప్రెషర్ నొక్కి రెండుసార్లు మెల్లగా తిప్పి, పిస్టన్‌ను కంప్రెషన్ మీదికి తెచ్చి, డీకంప్రెషర్ నొక్కి కొంచెం దాటించి, లివరు వదిలి, ఒక్క నిండు కిక్కు. ఇంకో సంగతి గుర్తుంచుకోండి. ఈ బండికి గేరు కుడికాలికి, వెనక బ్రేకు ఎడమకాలికి. ఫస్ట్ గేరు పైకి, మిగతా మూడూ కిందికి. ఇప్పటి బండ్లకు అలవాటైన కాలు కంగారులో బ్రేకనుకుని గేరు తొక్కుతుంది. కోసిన పొలంలోనో, ఖాళీ మైదానంలోనో ఆగడం ఒక్కటే బాగా అలవాటు చేసుకుని అప్పుడు రోడ్డెక్కండి.

బోరు కొట్టించి ఉంటే మొదటి 500 కిలోమీటర్లు గంటకు యాభై దాటకండి, ఒకే వేగంతో గంటల తరబడి పోకండి, వేసవైతే పొద్దునే నడపండి. మొదటి వంద కిలోమీటర్లకు ఇంజిన్ పూర్తిగా చల్లారాక హెడ్డు నట్లు మళ్లీ బిగించి, టాపెట్లు చూడండి. 500కు ఆయిల్, గుడ్డ ఫిల్టరు మార్చండి. కారిన ఆయిల్‌ను తెల్లటి పళ్లెంలో పట్టి ఎండలో చూడండి. సన్నటి బూడిదరంగు మెరుపు కొత్త రింగులు అరగడం వల్ల వచ్చేదే, భయం లేదు. చేతికి తగిలే రవ్వలు గానీ, పసుపు రంగు రజను గానీ కనిపిస్తే బండి నడపడం ఆపి, ఆ ఆయిల్‌ను సీసాలో పోసుకుని క్రాంకు చేసిన మిస్త్రీ దగ్గరికి తీసుకెళ్లండి.